జాగ్రత్త: '150 కిలోలు మోస్తుంది సార్' అన్న కుర్చీ నాలుగు నెలల్లో విరిగింది

నా బరువు 126 కిలోలు. ఈ కథలో చివరికి అందరూ అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

ఉండేది అనంతపురం. చిన్న వ్యాపారులకు ట్యాలీ లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చేసిపెడతాను. నెలలో రిటర్నుల గడువులు, అంటే 11వ తేదీ, 20వ తేదీ దగ్గర పడ్డాయంటే రోజుకు పన్నెండు గంటలు కుర్చీలోనే. ప్లాస్టిక్ కుర్చీ మీద దిండు వేసుకుని ఏళ్ళు నెట్టుకొచ్చాను. నడుము నొప్పి మొదలయ్యాక, సరే ఒక మంచి కుర్చీ కొందామని మొన్న జులైలో బయల్దేరాను.

టవర్ క్లాక్ నుంచి కాస్త దూరంలో ఒక ఫర్నిచర్ షాపు. పేరు రాయను, గొడవ ఇంకా పూర్తిగా తెగలేదు. నల్ల రెక్సిన్, ఎత్తైన వీపు, తలకు దిండు, మెరిసే చేతులు. చూస్తే కలెక్టరు గారి కుర్చీలా ఉంది. "అన్నా, నన్ను చూసి చెప్పు, ఇది ఆగుతుందా?" అని నేరుగానే అడిగాను.

"150 కిలోల దాకా ఏం కాదు సార్. మీ మాదిరి వాళ్ళు ఎంతమంది తీసుకుపోయినారో!" అన్నాడు. తను కూర్చుని రెండుసార్లు ఎగిరి కూడా చూపించాడు. ఆయన బరువు అరవై దాటదు. అది నాకు అప్పుడు తట్టలేదు. కుర్చీ అడుగున ఏముందో వంగి చూడలేదు. వంగడం నాకంత సులువు కాదు కూడా.

రేటు 9,500. "బిల్లు కావాలంటే 18 శాతం పడుతుంది సార్, లేకుంటే ఇదే రేటు" అన్నాడు. బిల్లు లేకుండా ఏదీ కొనొద్దని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే. అయినా 1,710 రూపాయలు మిగిలాయి కదా అనుకుని ఫోన్‌పే కొట్టి, తెల్ల కాగితం మీద రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాను. తిట్టేవాళ్ళు తిట్టండి, మా ఆవిడ ఇప్పటికే తిట్టింది.

మూడో వారంలో కుర్చీ దిగడం మొదలైంది. పొద్దున ఎత్తు పెంచి కూర్చుంటే టిఫిన్ వేళకు గడ్డం టేబులుకు దగ్గరయ్యేది. కుర్చీని పైకీ కిందకీ చేసే ఆ గొట్టంలో నైట్రోజన్ గ్యాస్ ఉంటుంది. లోపలి సీళ్ళు అరిగితే గ్యాస్ కారిపోయి బరువుకు కుంగిపోతుంది. షాపుకు ఫోన్ చేస్తే "రేపు మనిషిని పంపిస్తా సార్" అన్నారు. ఆ రేపు పదిహేను రోజులైనా రాలేదు. పని ఆగకూడదని ఒక పీవీసీ పైపు ముక్కను నిలువునా చీల్చి, ఆ రాడ్డు చుట్టూ తొడిగాను. అది కిందకి దిగకుండా పట్టుకుంటుంది. ఇది చాలామంది చేసేదే. కానీ తర్వాత ఈ పైపు ముక్కే నా మెడకు చుట్టుకుంది.

అక్టోబరుకు సీటు ఎడమవైపు వాలింది. మా ఇంట్లో కింద నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. కుర్చీ చక్రాలు గట్టి ప్లాస్టిక్‌వి, రాళ్ళ మధ్య సందుల్లో పడినప్పుడల్లా టకటకమని అదిరేది. లేచేటప్పుడు కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవడం లావు మనుషులందరికీ అలవాటే. ఆ చేతుల బోల్టులు ఊగడం మొదలైంది. వారానికోసారి అలెన్ కీతో బిగించుకుంటూ వచ్చాను.

నవంబరు 20. అక్టోబరు నెల జీఎస్టీ రిటర్నులకు (3బీ అంటారు) చివరి తేదీ. సాయంత్రం ఆరున్నరకు ఇంకా నలుగురివి మిగిలున్నాయి, పోర్టల్ మెల్లగా నడుస్తోంది, నాకు టెన్షన్. ఫోన్ అందుకుందామని కొంచెం పక్కకు వంగాను. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. కుర్చీ ఒక కాలు విరిగి, నేను కుడి మోచేతి మీద పడ్డాను. పక్కింటి వాళ్ళు గోడ దాటి వచ్చారు. ఎముక విరగలేదు, మూడు వారాలు వాపు ఉండింది. మిగిలిన రిటర్నులు ఎడమ చేత్తో కొట్టాను.

మర్నాడు మాకు తెలిసిన రిపేరు అబ్బాయి వచ్చి కుర్చీని వెల్లకిలా తిప్పేసి, టార్చి వేసి ఒక్కొక్కటీ చూపించాడు. నాలుగు నెలల కింద షాపులోనే నేను ఈ పని చేసి ఉండాల్సింది. "అన్నా, దీంట్లో నీ తప్పేం లేదు, ఇది మొదట్నుంచీ ఇంతే" అన్నాడు.

అయిదు కాళ్ళ బేసు నైలాన్‌ది. నైలాన్ అంటే చెడ్డదని కాదు, గాజు పీచు కలిపి మందంగా పోసినవి గట్టిగానే ఉంటాయట. నాది పైన నున్నగా ఉంది, లోపల పక్కటెముకల్లాంటి గీతలు పల్చగా, అక్కడక్కడా ఖాళీ. కాలు మధ్య గుండ్రానికి కలిసేచోటే చీలింది. ఒక కొస నుంచి ఎదురు కొసకు కొలిస్తే 24 అంగుళాలే. వంగినప్పుడు బరువు బయటకు పోతుంది కాబట్టి లావు మనిషికి కనీసం 27 ఉండాలి అన్నాడు. గ్యాస్ గొట్టం మీద, అదెంత గట్టిదో చెప్పే క్లాసు ముద్ర ఏదీ లేదు. సీటు కింద చెక్క వేలి మందం కూడా లేదు, చేతుల బోల్టులు పట్టుకునే నట్లు ఆ చెక్కను చీల్చుకుని వదులైపోయాయి. పైనున్న స్పాంజిని మోకాలితో అదిమితే సూటిగా చెక్క తగిలింది. వీపు, తలదిండు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. డబ్బంతా కంటికి కనిపించే చోట పెట్టి, నన్ను మోయాల్సిన చోట పెట్టలేదు.

కుర్చీ ఫోటోలు తీసుకుని షాపుకు వెళ్ళాను. అదే మనిషి. "మీ బరువెంత సార్?" అన్నాడు. జులైలో అడగాల్సిన ప్రశ్న నవంబరులో అడిగాడు. లోపల్నుంచి ఒక వారంటీ కార్డు తెచ్చి చూపించాడు. చిన్న అక్షరాల్లో, 100 కిలోల లోపు వాడకానికే వారంటీ అని ఉంది. చక్రాలు, గ్యాస్ గొట్టం వారంటీలోకి రావని కూడా ఉంది. ఈ కార్డు నేను అప్పుడే మొదటిసారి చూడటం. కుర్చీ బిగించి ఇచ్చింది వాళ్ళే, కార్డు అట్టపెట్టెతో పాటు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. పైగా నా ఫోటోలో పైపు ముక్క కనిపించగానే "చూడండి, మీరు ఏదో మార్చినారు, కంపెనీ ఒప్పుకోదు" అన్నాడు. పక్కన సోఫా చూస్తున్న దంపతులు నవ్వు ఆపుకుంటున్నారు. ఆ నవ్వు మోచేతి కంటే ఎక్కువ నొప్పి పెట్టింది, దాచడమెందుకు.

బిల్లు లేదు కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను. ఒక లాయరు మిత్రుడు అలా కాదన్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే ఒక అన్యాయ వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనన్నా అంతే. నా విషయంలో ఆ 30 రోజులు ఎప్పుడో దాటాయి. కుర్చీ మూడో వారంలో దిగినప్పుడు ఫోన్‌లో మాట్లాడి ఊరుకున్నాను, రాతపూర్వకంగా ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే బలంగా ఉండేది. అయినా ఫోన్‌పే రసీదు ఉంది. అంతకన్నా ముఖ్యంగా, కొనే ముందు రోజు వాట్సాప్‌లో నేను అడిగిన దానికి "150 కేజీ ఓకే సార్" అని వాళ్ళు పెట్టిన జవాబు ఉంది. అది అనుకోకుండా మిగిలిన అదృష్టం.

1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్ళు తీర్పు చెప్పరు, ఫిర్యాదు రాసుకుని అవతలి వాళ్ళతో మాట్లాడి రాజీకి చూస్తారు. అది కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు వస్తువులకు అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. ఫిర్యాదు వెళ్ళిన తర్వాత షాపు నుంచి మొదటిసారి వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేశారు. 4,000 ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు 6,000 దగ్గర ఆగింది.

ఇక స్టిక్కర్ల సంగతి. ఈ గొడవలో నేను ఎక్కువగా తెలుసుకున్నది దీని గురించే. చాలా కుర్చీల మీద 'బిఫ్మా' అని రాసి ఉంటుంది. అది అమెరికాలోని ఫర్నిచర్ తయారీదారుల సంఘం, పరీక్షల ప్రమాణాలు రాస్తుంది. మామూలు ఆఫీసు కుర్చీలకు వాళ్ళది ఎక్స్5.1, అది 275 పౌండ్ల మనిషి వరకు, అంటే సుమారు 125 కిలోలు. అంతకు మించిన వాళ్ళకు వేరే ప్రమాణం ఉంది, ఎక్స్5.11, అది 400 పౌండ్లకు, సుమారు 181 కిలోలు. అంటే నిజంగా బిఫ్మా పరీక్ష పాసైన మామూలు కుర్చీ కూడా నా బరువుకు సరిగ్గా అంచు మీదే ఉంటుంది. మనలాంటి వాళ్ళు అడగాల్సింది రెండోది. మన దేశంలో పని కుర్చీలకు ఐఎస్ 17631 అని 2022లో ప్రమాణం వచ్చింది, ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి.

కొన్నిటి మీద 'బేసు 1,136 కిలోలు తట్టుకుంటుంది' అని గొప్పగా వేస్తారు. అది చూసి మోసపోకండి. బిఫ్మాలో బేసును ఒక్కదాన్నే పెట్టి పైనుంచి 2,500 పౌండ్ల బలంతో నొక్కే పరీక్ష ఉంది, ఆ అంకె అక్కడిది. చెక్క గురించి, బోల్టుల గురించి, గొట్టం గురించి అది ఏమీ చెప్పదు. ఏ భాగానికి టెస్టు చేశారో, మొత్తం కుర్చీకి రిపోర్టు ఉందో లేదో అడగండి. నేను ఈ మధ్య మూడు షాపుల్లో అడిగాను. ఒకచోట మాత్రమే కాగితం చూపించారు, అది కూడా గొట్టానిది.

ఎవరైనా కొనబోతుంటే సిగ్గుపడకుండా కుర్చీని బోర్లా తిప్పించండి. తిప్పనివ్వకపోతే ఆ షాపులోంచి వచ్చేయండి. గొట్టం మీద క్లాస్ 4 అని ముద్ర ఉండాలి, దాని ఉక్కు మందం ఎక్కువ. బేసు అల్యూమినియంది లేదా ఉక్కుది అయితే మేలు. చేతుల మధ్య ఖాళీ కొలవండి. ఇంట్లో బల్ల మీద కూర్చుని తొడలకు రెండు వైపులా పుస్తకాలు ఆనించి, వాటి మధ్య దూరం కొలుచుకుని ఇంకో రెండు అంగుళాలు కలుపుకోండి. నాకు 23 వచ్చింది, షాపుల్లో దొరికేవి ఎక్కువగా 19, 20. మెష్ సీటు మన ఎండలకు హాయిగా ఉంటుంది కానీ బరువుకు వల సాగి ముందు ఫ్రేము తొడల కింద కోస్తుంది, అరగంట కూర్చుని చూడండి. మెష్ వీపు, స్పాంజి సీటు కలిసినవి నాకు సరిపోయాయి. రెక్సిన్ వద్దు, ఏప్రిల్ మేలో అంటుకుపోతుంది, కొన్నాళ్ళకు పొట్టు లేస్తుంది. అన్నిటికంటే ముందు మీ బరువు వాట్సాప్‌లో రాసి పెట్టి, జవాబు కూడా రాతలోనే తెప్పించుకోండి. వారంటీ కార్డులో కిలోల అంకె ఎక్కడుందో డబ్బు కట్టకముందే వెతకండి.

నేనిప్పుడు వాడుతున్నది సెకండ్ హ్యాండ్‌ది. బెంగళూరులో మూసేసిన ఆఫీసుల సామాను అమ్మేవాళ్ళ దగ్గర 7,000కు తీసుకుని పార్సిల్ లారీలో వేయించాను. బేసు అల్యూమినియం, చేతులు ఊడదీయించాను, చక్రాలు రబ్బరు పూతవి మార్పించాను. రెండు నెలలైంది. ఇంకా దిగలేదు. ఇంకో సంవత్సరం చూసి మళ్ళీ రాస్తాను, ఇప్పుడే మెచ్చుకోను.

ఈసారి బిల్లు తీసుకున్నాను. పాత కుర్చీ మిద్దె మీదే ఉంది, ఫిర్యాదు తేలేదాకా పారేయొద్దన్నారు. మా ఆవిడ దాని సీటు మీద మిరపకాయలు ఆరబోస్తోంది.