బీఎమ్ఎక్స్ రేసింగ్ కొత్తలో ఏ పెడల్స్ మేలు: ఫ్లాటా, క్లిప్పా?

మేముండేది అమెరికాలోని షార్లెట్. బీఎమ్ఎక్స్ అంటే మట్టి దిబ్బలున్న ట్రాక్ మీద చిన్న సైకిళ్లతో పెట్టే పోటీ. శనివారం వస్తే పిల్లాణ్ణి తీసుకుని రాక్ హిల్ ట్రాక్‌కి వెళ్తాం, 2017లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగిన చోటికే. వాణ్ణి చూస్తూ కూర్చోలేక నేనూ మొదలుపెట్టాను. మామూలు ఫ్లాట్ పెడల్స్ (షూని బిగించనివి, పట్టు కోసం పైన చిన్న పిన్నులుండేవి) తీసేసి, రెండో నెలలోనే షూని బిగించే క్లిప్ పెడల్స్ కొన్నాను. తొందరపడ్డాను.

క్లిప్ గొప్పదనం నిజమే. షూ అడుగున బిగించిన లోహపు ముక్క పెడల్‌లో టక్కున దిగుతుంది. కాలిని కిందికి తొక్కడమే కాదు, పైకి లాగినా బలం చక్రానికి అందుతుంది. ట్రాక్ మొత్తం 300 నుంచి 400 మీటర్లే. స్టార్టింగ్ గేటు నుంచి ఎనిమిది మంది ఒకేసారి దూకుతారు, మొదటి మలుపు దగ్గర ముందున్నవాణ్ణి ఆ తర్వాత దాటడం చాలా కష్టం. అందుకే ఒలింపిక్స్‌లో తొక్కేవాళ్లంతా దాదాపు క్లిప్పే వాడతారు.

కానీ గేటు దగ్గర ముందు చక్రం ఆనించి, రెండు కాళ్లూ పెడల్స్ మీదే పెట్టి నిలబడాలి. ఓ సాయంత్రం నేను ఎడమకి ఒరిగాను. కాలు ఊడాలంటే మడమ బయటికి తిప్పాలి. టెన్షన్‌లో అది గుర్తు రాలేదు, కాలు పైకి లాగాను. సైకిల్‌తో సహా పక్క లేన్ కుర్రాడి మీద పడ్డాను. వాడి మోచెయ్యి గీరుకుపోయింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధే.

ఇంకో నష్టం బయటికి కనబడదు. క్లిప్‌తో సైకిల్‌ని కాళ్లతో ఎత్తేయొచ్చు, కాబట్టి జంప్ వచ్చేసిందనిపిస్తుంది. ఫ్లాట్‌కి మారగానే నా కాళ్లు గాల్లో, సైకిల్ నేల మీద! ఫ్లాట్ మీద కాలివేళ్లు కిందికి వంచి, పాదాన్ని వెనక్కి నొక్కుతూ, చేతుల్ని ముందుకి తోస్తేనే వెనక చక్రం లేస్తుంది. ఆ పట్టు నేర్పేది ఫ్లాటే. దానికీ ఓ బాధ ఉంది: కాలు జారితే పెడల్ పిన్నులు మోకాలి కింద ఎముకని గీరేస్తాయి. షిన్ గార్డులు తప్పనిసరి. పిల్లలకైతే ఏటా పాదం పెరుగుతుంది, క్లిప్ షూ ఖర్చు దండగ.

నా మట్టుకు మొదటి ఏడాది ఫ్లాటే మేలు. చిన్న జంపుల మీద పాదం పెడల్‌ని వదలకుండా దిగడం వచ్చాక క్లిప్ కొనండి. అప్పుడు కూడా మొదట షూని పట్టి ఉంచే పెడల్ స్ప్రింగ్ బాగా వదులు చేసి, గడ్డి మీద మెల్లగా తొక్కుతూ, మడమ తిప్పి కాలు తీయడం అలవాటయ్యాకే గేటెక్కండి.