బాండా, వేట్రీనా: ఒక్కదానికే ఓటేయాలనుకుంటే?

సెప్టెంబరు దాటితే చాలు, డాలస్ ఉత్తరాన ఉండే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. "అక్కా, బ్యాలెట్ మీద స్కూలు బాండ్ ఉంది, వేట్రీ కూడా ఉంది. రెండిటికీ యెస్ అంటే పన్ను మరీ పెరిగిపోతుందేమో. ఒక్కదానికే వేయాలంటే దేనికి వేయాలి?" బాండ్ అంటే బిల్డింగుల్లాంటివాటికి స్కూలు డిస్ట్రిక్టు తీసుకునే అప్పు, వేట్రీ అంటే స్కూలు పన్ను రేటు పెంచడానికి పెట్టే ఓటింగు. నాకే విడిగా ఏడెనిమిది మంది ఈ ప్రశ్న పంపారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, నేను ఎలా ఆలోచించానో ఇక్కడ రాస్తున్నాను. ఐఎస్‌డీ (స్కూలు డిస్ట్రిక్టు) అంటే ఏంటి, దాన్ని నడిపే బోర్డు అంటే ఏంటి అన్నవి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

మన గ్రూపుల్లో వచ్చే వాదనల్లో సగం ఒక్క విషయం తెలియక వస్తున్నవే. స్కూలు పన్ను ఒకటే అంకెలా కనబడుతుంది గానీ లోపల రెండు జేబులు. ఎం అండ్ ఓ (రోజువారీ నిర్వహణ) జేబులోంచి జీతాలు, కరెంటు బిల్లు, బస్సు డీజిలు, నర్సు, కౌన్సెలర్. ఐ అండ్ ఎస్ (అప్పు తీర్చే) జేబులోంచి బాండ్ అప్పు, దాని వడ్డీ. ఈ జేబులో డబ్బు ఆ జేబులోకి మార్చి జీతాలివ్వడానికి టెక్సస్ చట్టం ఒప్పుకోదు. "స్టేడియానికి డబ్బుంటుంది, టీచరుకి మాత్రం ఉండదా?" అని కోపంగా అడిగేవాళ్ళకు జవాబు ఇదే. బాండ్ డబ్బుతో టీచరుకి ఒక్క డాలరు జీతం పెంచడం కుదరదు. వేట్రీ అంటే ఎం అండ్ ఓ రేటును బోర్డు సొంతంగా పెంచగలిగిన హద్దు దాటించడానికి మనల్ని అనుమతి అడగడం. అంతే తేడా.

బ్యాలెట్ మీద రాసి ఉండే మాటలు చూసి చాలామంది భయపడతారు. 2019లో వచ్చిన హౌస్ బిల్ 3 అనే టెక్సస్ చట్టం ప్రకారం ప్రతి స్కూలు బాండ్ ప్రతిపాదన కింద "ఇది ఆస్తిపన్ను పెంపు" అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాల్సిందే. పన్ను రేటు ఒక్క సెంటు కూడా పెరగకపోయినా ఆ వాక్యం ఉంటుంది. పాత అప్పులు తీరిపోతూ ఉంటే కొత్త బాండ్ వచ్చినా రేటు అక్కడే ఆగే డిస్ట్రిక్టులు ఉన్నాయి. ఇక వేట్రీ ప్రశ్నలో రేటు, పెరిగే శాతం, దాంతో వచ్చే లక్షల డాలర్లు కనబడతాయి. మీ ఇంటి మీద ఎంత పడుతుందో మాత్రం రెండింట్లోనూ ఉండదు. అది మనమే లెక్క వేసుకోవాలి.

లెక్క కష్టమేమీ కాదు. నేను అప్రైజల్ కాగితం వెనకే వేసుకున్నాను. ఇల్లు 5 లక్షల డాలర్లు అనుకోండి. 2025 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్నాక స్కూలు పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు (ఉంటున్న సొంతింటి విలువలోంచి తీసేసే మొత్తం) 1,40,000 అయింది. మిగిలేది 3,60,000. పన్ను ప్రతి వంద డాలర్లకీ లెక్క కాబట్టి ఒక్క సెంటు పెరిగితే ఏడాదికి 36 డాలర్లు. మూడు సెంట్ల వేట్రీ అయితే 108, అంటే నెలకి 9 డాలర్లు. సొంతిల్లు కాకుండా అద్దెకిచ్చిన ఇల్లు ఉంటే దానికి ఈ మినహాయింపు రాదు, మొత్తం 5 లక్షల మీద లెక్క వేసుకోండి. ఈ లెక్క వేసుకున్నాక నాకు టెన్షన్ పోయింది. మీరూ నోరు తిరగని మిలియన్లను పక్కన పెట్టి, ముందు ఇది వేసుకోండి.

తర్వాతి అనుమానం రాబిన్ హుడ్. "మన డబ్బు ఆస్టిన్‌లోని రాష్ట్ర ప్రభుత్వం పట్టుకుపోతుంది కదా, ఇంకా పెంచడం ఎందుకు?" అంటారు. ఆస్తులు ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి కొంత డబ్బు రాష్ట్రం వెనక్కి తీసుకునే పద్ధతి 1993 నుంచీ ఉంది, నిజమే. కానీ అది బాండ్ పన్నుకి అస్సలు వర్తించదు. వేట్రీ విషయంలో పెన్నీలను బట్టి ఉంటుంది; పెన్నీ అంటే పన్ను రేటులో ఒక్క సెంటు. మొదటి ఎనిమిదింటిని గోల్డెన్ పెన్నీలు అంటారు, వాటి మీద వచ్చిందంతా డిస్ట్రిక్టుకే. తర్వాతి తొమ్మిదీ కాపర్ పెన్నీలు, అందులోంచి రాష్ట్రం తీసుకోగలదు. అందుకే "వేట్రీ మంచిదేనా?" అని అడిగేవాళ్ళను నేను తిరిగి అడిగేది: "మీ బోర్డు ఏ పెన్నీలు అడుగుతోంది?" గోల్డెన్ అయితే నాకు సందేహమే లేదు. కాపర్ అయితే, అందులో మన పిల్లలకి మిగిలేదెంతో బోర్డు మీటింగులో చెప్పించుకోండి. మామూలుగా వేట్రీకి ముందు బయటివాళ్ళతో ఎఫిషియెన్సీ ఆడిట్ చేయించి ఆ రిపోర్టు జనానికి చూపించాలి. అది చదవండి. విసుగ్గానే ఉంటుంది గానీ, మీ డిస్ట్రిక్టు సాటి డిస్ట్రిక్టులతో పోలిస్తే ఎక్కడ ఎక్కువ ఖర్చు పెడుతోందో అందులో తెలుస్తుంది.

ఇక నా మనసులో తూకం ఎటు మొగ్గిందో చెప్తాను. 2014లో డాలస్ ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో ఓటర్లు 775 మిలియన్ డాలర్ల బాండ్‌కి ఒప్పుకున్నారు. ఊరు పెరుగుతోంది, స్కూళ్ళు కావాలి. 2016 ఆగస్టులో అదే ఓటర్ల ముందుకు పన్ను రేటు ఎన్నిక వచ్చింది, అప్పట్లో దాన్ని టీఆర్‌ఈ అనేవారు. అది ఓడిపోయింది. డిస్ట్రిక్టు ఖర్చులు కోసింది, తెరవాల్సిన నాలుగు కొత్త స్కూళ్ళను ఏడాది వెనక్కి జరిపింది. కట్టడానికి డబ్బుంది, నడపడానికి లేదు. 2018లో మళ్ళీ అడిగితే రేటు ఎన్నికా నెగ్గింది, 691 మిలియన్ల బాండూ నెగ్గింది. 2024 నవంబరులో వేట్రీ, దాంతో పాటు మూడు బాండ్ ప్రతిపాదనలు పెడితే అన్నీ ఓడిపోయాయి. ఒకే ఊరు, పదేళ్ళలో మూడు రకాల జవాబులు.

ఆ 2016 సంగతి నాకు అర్థమైంది మా ఇంట్లో జరిగినదాని వల్ల. మా పెద్దది ఏడో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల టీచరు అక్టోబరులో వెళ్ళిపోయింది. పక్క డిస్ట్రిక్టులో జీతం ఎక్కువట. డిసెంబరు దాకా సబ్‌స్టిట్యూట్లు. ఒక వారం ఒకరు, ఇంకో వారం ఇంకొకరు. కొత్త బిల్డింగే, గోడలింకా పెయింటు వాసన పోలేదు, గోడకి పెద్ద స్మార్ట్ బోర్డు. దాని ముందు ముప్ఫైమంది పిల్లలు అదే వర్క్‌షీట్ మూడోసారి చేస్తున్నారు. ఒకరోజు బ్యాగు సర్దుతుంటే ఆ మూడు వర్క్‌షీట్లూ ఒకే మడతలో దొరికాయి. మూడింటి మీదా మా అమ్మాయి పేరు, మూడు వేర్వేరు తేదీలు, ఒక్కదాని మీద కూడా దిద్దిన గుర్తు లేదు. భిన్నాలు, నిష్పత్తులు మేము ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద నేర్పుకున్నాం. మాకు చేతనైంది, నేర్పుకున్నాం. ఇద్దరూ రెండు ఉద్యోగాలు చేసుకునే ఇళ్ళలో పిల్లల సంగతేంటి?

టెక్సస్‌లో కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా క్లాసుకి 22 మంది అని పరిమితి ఉంది, దానికీ మినహాయింపులు తెచ్చుకోవచ్చు. ఐదు నుంచి పైకి అలాంటి పరిమితే లేదు. టీచర్లు తగ్గితే క్లాసులు ఉబ్బుతాయి. పైకప్పు మరమ్మతు రెండేళ్ళు ఆగగలదు, ఖర్చు కాస్త ఎక్కువవుతుంది. పిల్ల ఏడో తరగతి మాత్రం ఆగదు. అందుకే రెండిట్లో ఒక్కటే అంటే నా ఓటు వేట్రీకి.

అలాగని బాండ్‌ని తక్కువ చేయను. మీరు ప్రాస్పర్, సెలీనా లాంటి చోట ఉంటే లెక్క మారుతుంది. పొలాలు కాలనీలైపోతున్నాయి, ఆగస్టు వచ్చేసరికి పోర్టబుల్ గదులు దించుతున్నారు. అక్కడ గదే లేకపోతే టీచరు ఎక్కడ నిలబడుతుంది? ప్రాస్పర్ ఓటర్లు 2023 నవంబరులో చేసింది నాకు చాలా నచ్చింది. దాదాపు 2.8 బిలియన్ డాలర్ల విలువైన నాలుగు ప్రతిపాదనల్లో స్కూళ్ళు, టెక్నాలజీ, ఆర్ట్స్ సెంటర్‌కి యెస్ అన్నారు, 94 మిలియన్ల స్టేడియానికి నో అన్నారు. స్టేడియం లాంటివాటిని విడి ప్రతిపాదనగానే పెట్టాలని చట్టం ఉండటం వల్లే అది కుదిరింది. కాబట్టి బాండ్ అంతా ఒకే మూట అనుకుని గంపగుత్తగా యెస్, గంపగుత్తగా నో అనకండి.

బాండ్‌తో ఇంకో లాభం ఉంది, మీటింగుల్లో సరిగ్గా చెప్పరు. బస్సులు, ఏసీలు బాండ్‌తో కొంటే ఎం అండ్ ఓ మీద ఆ భారం పడదు. ఆగస్టులో టెక్సస్ ఎండలో ఏసీ చెడిపోతే ఆ పూట చదువే ఉండదు, బాండ్ లేని డిస్ట్రిక్టు దాన్ని జీతాల జేబులోంచే బాగు చేయించాలి. అలా చూస్తే మంచి బాండ్ కూడా చుట్టు తిరిగి టీచరుకే సాయం. కానీ చుట్టు తిరిగే కదా.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు. తెనాలి దగ్గర జడ్పీ హైస్కూల్లో చదివి, ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. "మా పిల్లల చదువులు ఎప్పుడో అయిపోయాయి కదమ్మా, ఈ వయసులో ఈ పన్నెందుకు మాకు?" అన్నారు. 65 నిండి, ఆ వయసువాళ్ళకిచ్చే మినహాయింపుకి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి, ఉంటున్న ఇంటి మీద స్కూలు పన్ను ఆ ఏడాది అంకె దగ్గరే ఆగిపోతుంది. ఇల్లు కొత్తగా పెంచి కట్టుకుంటే తప్ప అది దాటదు. "బాబాయిగారూ, మీరు దేనికి యెస్ అన్నా మీ బిల్లు మీద పడదు" అని ఆయన బిల్లే తీసి చూపించాను. ఆ సీలింగ్ అంకె మీద వేలు పెట్టి కాసేపు చూశారు. "ఇది నాకు ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు. మీ ఇంట్లో సిటిజన్‌షిప్ ఉన్న అమ్మానాన్నలు, అత్తమామలు ఉండి, ఇల్లు వాళ్ళ పేరు మీద ఉంటే ముందు ఈ మాట చెప్పండి.

మిగతా దారులు త్వరగా చెప్పేస్తాను. పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) ఫండ్‌రైజర్లు, ఫౌండేషన్ చందాలు చేయండి, మంచివే, కానీ వాటితో ఏటా టీచర్ల జీతాలు నడవవు. "రాష్ట్రమే ఇస్తుందిలే" అని ఆగేవాళ్ళకి: ఒక్కో విద్యార్థికి రాష్ట్రం లెక్కగట్టే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. 2025లో 55 డాలర్లు పెంచారు. ఆ బిల్లులో టీచర్ల జీతాలకి విడిగా డబ్బిచ్చారు, అది మేలే. కానీ ఆరేళ్ళలో కరెంటు, ఇన్సూరెన్సు, డీజిలు ఎంత పెరిగాయో మన ఇంటి బిల్లులే చెప్తాయి.

బోర్డు ఎన్నికల గురించి ఒక్క మాట. ఏ పెన్నీ అడగాలి, స్టేడియం పెట్టాలా వద్దా అన్నది తేల్చేది ట్రస్టీలే, అంటే బోర్డు సభ్యులే. జీతం లేని పదవి, పార్టీ గుర్తు ఉండదు. చాలాచోట్ల ఈ ఎన్నిక మే నెలలో, అతి కొద్ది ఓట్లతో తేలిపోతుంది. నవంబరులో వేట్రీ గురించి గంటలు గంటలు వాదించుకునే మన గ్రూపులు మే నెలలో నిశ్శబ్దంగా ఉండటం నాకు బాధగా ఉంటుంది.

ఓటు లేని హెచ్1 వాళ్ళు, గ్రీన్‌కార్డు వాళ్ళు "మేమేం చేయగలం" అంటున్నారు. పన్ను మీరూ కడుతున్నారు, పిల్లలు అదే క్లాసులో కూర్చుంటున్నారు. బోర్డు మీటింగులో పబ్లిక్ కామెంట్‌కి పేరిచ్చి మాట్లాడవచ్చు, దానికి సిటిజన్‌షిప్ అడగరు. పోయినసారి మా బోర్డు మీటింగులో టీచర్ల కొరత గురించి అందరికన్నా స్పష్టంగా చెప్పింది ఓటు లేని ఒక తెలుగు తండ్రే.

ఓటు ఉన్నవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. 2020 నుంచి టెక్సస్‌లో ఒక్క నొక్కుతో పార్టీ మొత్తానికి వేసే వీలు లేదు. స్కూలు ప్రతిపాదనలు పొడవైన బ్యాలెట్‌లో అట్టడుగున ఉంటాయి, అక్కడిదాకా వెళ్ళకుండా వచ్చేసేవాళ్ళు చాలామంది. పోలింగ్ దగ్గర ఫోన్ తీయనివ్వరు, కాబట్టి మీ జవాబులు కాగితం మీద రాసుకెళ్ళండి. నేను పాత హెచ్ఈబీ సరుకుల రసీదు వెనక రాసుకెళ్ళాను: ఎ యెస్, బి యెస్, సి నో. అదే చీటీ బాబాయిగారికి కూడా ఇవ్వబోతే వద్దన్నారు. జేబులోంచి తన చీటీ తీసి చూపించారు. నా కన్నా గుండ్రంగా, తెలుగులో రాసి ఉంది.