మెక్లియోడ్‌గంజ్: ‘వ్యాలీ వ్యూ’ రూమూ, మా మావయ్యగారి చైనా వాదనా

హిమాచల్‌లో ధర్మశాల పైన, దలైలామా ఉండే మెక్లియోడ్‌గంజ్‌లో మెయిన్ స్క్వేర్ దగ్గర హోటల్ రూమ్‌ని ఫొటోలు చూసి బుక్ చేయకండి. మేం రాత్రికి 3,800 చొప్పున రెండు రాత్రులకి ముందే కట్టాం. ‘వ్యాలీ వ్యూ’ అని రాశారు. కర్టెన్ తీస్తే పక్క బిల్డింగ్ మీద నల్ల వాటర్ ట్యాంకులు, వాటి మీద ఆరేసిన దుప్పట్లు. వేణ్ణీళ్ళు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మార్చి మొదటి వారం, ఎముకలు కొరికే చలి. రూమ్ హీటర్ అడిగితే రోజుకి 600 అదనం. వేరే రూమ్ ఇమ్మంటే కౌంటర్‌లో కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే కుదరదన్నాడు. ఆ ట్యాంకుల్ని నేనే తెచ్చి పెట్టించినట్టు మా ఆవిడ రాత్రంతా నాతో మాట్లాడలేదు. రెండో రాత్రి డబ్బులకి నీళ్ళొదులుకుని పొద్దున్నే పెట్టెలు సర్దాం.

జోగీవారా రోడ్డులో కాస్త కిందికి దిగితే ఒక టిబెటన్ కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్ దొరికింది. 1,400, హీటర్‌తో కలిపి. మాది హిందూపురం వైపని చెప్పగానే ఓనరమ్మ గడగడా కన్నడం అందుకుంది. మా ఆవిడ మొహం అప్పుడు వెలిగింది. ఓనరమ్మ పుట్టింది మైసూరు దగ్గర బైలకుప్పెలో. 1960 ప్రాంతంలో మైసూరు ప్రభుత్వం స్థలమిస్తే అడవి కొట్టుకుని ఊరు కట్టుకున్నవాళ్ళ బిడ్డ. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు మన అమరావతికీ వచ్చిందట. బుద్ధుడు కాలచక్రాన్ని తొలిసారి బోధించింది అక్కడి ధాన్యకటకంలోనేనని టిబెటన్ల నమ్మకం. కర్ణాటకలో పుట్టినా ఆవిడ చేతిలో ఉన్నది మాత్రం విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. దాన్ని ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి.

రాత్రికి ఆవిడే థెన్‌థుక్ అనే టిబెటన్ నూడుల్స్ పులుసు చేసింది, 160. పిండి ముద్దని పొడవుగా సాగదీసి, మణికట్టు మీద వేలాడేసుకుని, బొటనవేలంత ముక్కలు తుంచి మరిగే పులుసులోకి విసురుతుంటుంది. చేతులు అంత వేగంగా తిరుగుతున్నా కబుర్లు ఆగవు. ఊళ్ళో కెఫేల్లో 400 పెట్టి తిన్న పాస్తా దీనికి కాలిగోటికి సరిపోదు.

ఇక మావయ్యగారు. బ్యాంకు యూనియన్‌లో ముప్పయ్యేళ్ళు జెండా మోసిన మనిషి. టిబెట్ ఊసెత్తితే ఆయన సమాధానం ఒక్కటే: “మఠాల కింద వెట్టి బతుకులు. చైనా వచ్చాకే విముక్తి.” టిబెటన్ల ప్రవాస ప్రభుత్వ కార్యాలయాలున్న గంగ్‌చెన్ కీషోంగ్‌లో 2022లో తెరిచిన టిబెట్ మ్యూజియానికి తీసుకెళ్తే అక్కడా అదే పాట. అక్కడ పనిచేసే యువకుడు నొచ్చుకోలేదు. “పాత వ్యవస్థలో తప్పులున్నాయి అంకుల్, దలైలామా కూడా ఒప్పుకున్నారు. కానీ దాన్ని మార్చుకోవాల్సింది మేం కదా?” అన్నాడు. 1951 మే 23న టిబెట్‌ని చైనాలో కలుపుతూ బీజింగ్‌లో కుదిరిన 17 అంశాల ఒప్పందం మీద తమవాళ్ళచేత బలవంతంగా సంతకం పెట్టించారని చెప్పాడు. మావయ్యగారు వెంటనే 1954 తీశారు. టిబెట్ చైనాలో భాగమని నెహ్రూ ప్రభుత్వమే ఒప్పందంలో రాసింది కదా అని. అది నిజమే, ఆ కుర్రాడూ కాదనలేదు. దలైలామా ఇప్పుడు అడుగుతున్నది స్వాతంత్ర్యం కాదు, చైనాలోనే ఉంటూ నిజమైన స్వయంప్రతిపత్తి. ఆ చర్చలు కూడా 2010 నుంచి ఆగిపోయాయని అన్నాడు. దలైలామా తనని తాను మార్క్సిస్టునని చెప్పుకున్నారని వినగానే మావయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆయన్ని కదిపింది మాత్రం టిబెటన్లకి దలైలామా తర్వాత అంతటి గురువైన పంచెన్ లామా సంగతి. 1995 మే 14న దలైలామా ఆరేళ్ళ గెధున్ ఛోకీ నీమాని పంచెన్ లామాగా ప్రకటించారు. మూడు రోజులకే చైనా అధికారులు ఆ పిల్లాణ్ణీ తల్లిదండ్రుల్నీ తీసుకుపోయారు. అతను మళ్ళీ బయట కనబడలేదు. చైనా ఆ స్థానంలో వేరే పిల్లాణ్ణి కూర్చోబెట్టింది. పైగా 2007లో, లామాల పునర్జన్మకి ప్రభుత్వ అనుమతి ఉండాలని ఒక ఉత్తర్వు కూడా ఇచ్చింది.

“దేవుడే లేడనే పార్టీ పునర్జన్మకి పర్మిట్ ఎలా ఇస్తుందయ్యా?” అని మావయ్యగారు రోడ్డు మీదే నన్ను నిలదీశారు, ఆ జీవో నేనే తెచ్చినట్టు. గుడి దాకా అదే గొడవ. తన తర్వాతి దలైలామాని గుర్తించే హక్కు తను పెట్టిన గాదెన్ ఫోద్రాంగ్ ట్రస్టుదేనని దలైలామా 2025 జూలైలో ప్రకటించిన సంగతి చెబితే, “మరి చైనా ఒకణ్ణి, వీళ్ళు ఒకణ్ణి పెడితే ఇద్దరు దలైలామాలు తయారవుతారన్నమాట” అన్నారు. అక్కడివాళ్ళ భయమూ అదే.

ఆ గుడి, అంటే దలైలామా ప్రధాన ఆలయం సుగ్లాఖాంగ్‌ని హడావిడిగా చూడకండి. చైనా సాంస్కృతిక విప్లవంలో టిబెట్‌లోని లాసా జోఖాంగ్ గుడిలో, కరుణకి రూపమైన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడి చాలా ముఖాల విగ్రహాన్ని పగలగొడితే, వాటిలో కొన్ని ముఖాల్ని టిబెటన్లు చేతులు మార్చుకుంటూ నేపాల్ మీదుగా దాటించారు. అవి ఇప్పుడు ఇక్కడున్నాయి. ఊరికొచ్చిన కుర్రకారు మాత్రం త్రియుండ్ కొండ ఎక్కి, భాగ్సు జలపాతం దగ్గర సెల్ఫీ దిగి వెళ్ళిపోతున్నారు.

టాక్సీల విషయంలో జాగ్రత్త. గుడి నుంచి మ్యూజియానికి దిగుడే, నడిచి వెళ్ళొచ్చు. తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బేరమాడాకే కారెక్కండి. మా దగ్గర 400 అడిగి 200కి వచ్చాడు. గగ్గల్ ఎయిర్‌పోర్టుకి గెస్ట్‌హౌస్ వాళ్ళే 1,100కి కారు మాట్లాడారు. మావయ్యగారు దారంతా డ్రైవర్‌తో 1954 గురించి వచ్చీరాని హిందీలో వాదిస్తూనే ఉన్నారు. హోటల్ రిఫండ్ కోసం పెట్టిన మెయిల్‌కి ఇంతవరకూ జవాబు లేదు.