పాత టర్న్‌టేబుల్‌లో వచ్చే చప్పుళ్లు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

నా దగ్గరున్నది చేతులు మారి వచ్చిన పాత బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, అంటే మోటారు బెల్టుతో తిప్పే రికార్డ్ ప్లేయర్. ఇన్నేళ్లు వాడాక కూడా దీని సౌండ్‌కి వంక పెట్టలేను. కాకపోతే వయసు మీద పడ్డ మెషిన్ కదా, ఏదో ఒక చప్పుడు మొదలవుతూనే ఉంటుంది. అలాంటప్పుడు చాలామంది ముందు కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికని సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం) మార్చేస్తారు. దయచేసి ఆగండి, ఆ చప్పుడు ఎప్పుడొస్తోందో, ఎప్పుడు ఆగుతోందో చెవి పెట్టి వినండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) తిరగకముందే స్పీకర్లు గుయ్యిమంటుంటే అది కరెంటు హమ్. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లుతోపాటు చిన్న అయస్కాంతం కదిలే రకం) ఇచ్చే సిగ్నల్ 3 నుంచి 5 మిల్లీవోల్టులే. ఫోనో ప్రీఆంప్ (ఆ చిన్న సిగ్నల్‌ని ఆంప్‌కి సరిపడా పెంచే సర్క్యూట్) దాన్ని దాదాపు 100 రెట్లు పెంచుతుంది, బేస్‌ని ఇంకా ఎక్కువ పెంచుతుంది, అందుకే గ్రౌండ్ (ఎర్త్) కనెక్షన్‌లో ఏ చిన్న లోపమున్నా గదంతా వినిపిస్తుంది. నా దాంట్లో గ్రౌండ్ వైరు చివరి యు ఆకారపు రేకు నల్లబడిపోయింది. సన్న గరుకు కాగితంతో రుద్ది, స్క్రూ గట్టిగా బిగిస్తే చాలావరకు తగ్గింది, కానీ ఎడమ స్పీకర్లో మాత్రం మిగిలింది. ఆంప్ ఆపి హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించి ఉండే ముందు భాగం) విప్పి చూస్తే, కార్ట్రిడ్జ్ వెనకున్న నాలుగు పిన్నుల్లో నీలం వైరుది, అంటే ఎడమ ఛానెల్ గ్రౌండ్‌ది, వదులుగా ఊగుతోంది. ఆ వైర్లు వెంట్రుకంత సన్నం, వైరు పట్టి లాగొద్దు, క్లిప్పునే ట్వీజర్‌తో పట్టుకుని తీసి, కాస్త నొక్కి మళ్లీ తొడగాలి. హమ్ పూర్తిగా పోయింది.

ముల్లు రికార్డు మీద దిగాక మాత్రమే లోతుగా గుర్రుమంటే అది రంబుల్. బెల్టు తీసేసి, ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు ఉంచి మోటారు ఒక్కటే నడపండి. అప్పుడూ వినిపిస్తే మోటారు కింది రబ్బర్లు గట్టిపడి అదురు పైకి వస్తోందన్నమాట. వినిపించకపోతే ప్లాటర్ బేరింగ్ చూడాలి: పాత నూనె తుడిచి, తయారీదారు చెప్పిన నూనె ఒకట్రెండు చుక్కలు చాలు. 33⅓ స్పీడులో దబ్‌మనే శబ్దం సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తోందా? అది ప్లాటర్‌ది గానీ రికార్డుది గానీ, రికార్డు మార్చి చూస్తే తేలిపోతుంది.

వాల్యూమ్ పెంచేకొద్దీ ఊళ వేసినట్టు పెరిగితే మెషిన్‌లో లోపమే లేదు, స్పీకర్లు ఉన్న బల్ల మీంచి టర్న్‌టేబుల్‌ని తీసి వేరేచోట పెట్టండి. చిటపటలకు రికార్డు మీది దుమ్ము తుడిచే కార్బన్ ఫైబర్ బ్రష్ చాలు.

నా దాంట్లో ఇప్పటికీ పోనిది ఒక్కటే, మోటారు దగ్గర చెవి పెడితే వినిపించే సన్నటి రొద. అది స్పీకర్లలోకి రావట్లేదు కాబట్టి మోటారు విప్పే ఆలోచన ప్రస్తుతానికి లేదు.