కోల్డ్ స్టోరేజీ గుమాస్తా చదివిన ఎన్‌పీటీఈఎల్ కోర్సు

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పదిహేనేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. చదివింది బీకాం. ఈ కుర్చీలోనే పదవీ విరమణ అనుకుని మనసు చిన్నబుచ్చుకున్న రోజుల్లో, ఇంజినీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు ఎన్‌పీటీఈఎల్ గురించి చెప్పాడు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల పథకం ఇది. పాఠాలు, అసైన్‌మెంట్లు ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు. నేను కట్టినప్పుడు 1,000 రూపాయలు.

నేను ఎంచుకున్నది ఐఐటీ రోపర్ అధ్యాపకుడు సుదర్శన్ అయ్యంగార్ చెప్పే 'జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్'. పైథాన్ అనే భాషలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పే కోర్సు, 12 వారాలు. మొదటిసారి జనవరిలో చేరి పొరపాటు చేశాను. ఫిబ్రవరిలో కొత్త పంట లారీలు వరుస కట్టాయి, రాత్రి పది దాటినా కాటా ఆగలేదు, నాలుగో వారానికే చదువు అటకెక్కింది. జులైలో మళ్లీ చేరాను. అప్పటికి సరుకంతా గదుల్లో సర్దుకుని ఉంటుంది, మాకూ కాస్త ఊపిరి ఆడుతుంది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారు ముందు తమ పనిలో తీరిక నెలలేవో చూసుకోవాలి. నేను ఉత్సాహాన్ని చూసుకున్నాను, క్యాలెండర్ చూసుకోలేదు.

పాఠాలు ఆటల మీదుగా నడుస్తాయి. మన వైకుంఠపాళిని కూడా ప్రోగ్రాముగా రాయించారు. తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఇంగ్లీషు పాఠం మొదట్లో బరువే. వేగం తగ్గించి, ఒక్కో వీడియోను రెండు మూడుసార్లు విన్నాను. ఫోనులో పాఠం వినవచ్చు గానీ ప్రోగ్రాము సాధనకు కంప్యూటర్ ఉండి తీరాలి. ఉదయం ఐదు నుంచి ఆరున్నర వరకు మా అమ్మాయి ల్యాప్‌టాప్ నాది.

నన్ను ఈ కోర్సులో చివరిదాకా నిలబెట్టింది మా స్టోరేజీలోని ఒక చిక్కు. ఒక రైతు 80 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి పెడతాడు, ధరను బట్టి ఐదారు విడతలుగా తీసుకెళతాడు. రాక పుస్తకానికీ పోక పుస్తకానికీ నెలాఖరులో రెండు టిక్కీల తేడా వస్తే, ఆ రెండింటి కోసం మూడు రోజులు వేలు పెట్టి వరుసలు లెక్కించేవాళ్లం. జాబితాలు, డిక్షనరీల (పైథాన్‌లో ఒక్కో పేరుకు ఎదురుగా దాని వివరం దాచుకునే పట్టికలు) పాఠం వచ్చిన వారం ఉదాహరణలోని పేర్లు తీసేసి, రైతుల సరుకుకు మేమిచ్చే లాట్ నంబర్లు పెట్టాను. తేడా ఉన్న లాట్లు తెర మీద వరుసగా నిలబడ్డాయి. ఆ ఉదయం కాఫీ చల్లారిపోయినా గమనించలేదు. జీతం పెరుగుతుందని కాకుండా, చేతిలో ఉన్న చిక్కు విప్పడానికి చదివితే చదువు అంత తేలిగ్గా ఎక్కుతుంది. ఏ కోర్సు తీసుకోవాలని అడిగేవారికి, మీ బల్ల మీద ఏ పని మిమ్మల్ని విసిగిస్తోందో చెప్పమని అడుగుతున్నాను.

అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. నాకు 71 వచ్చాయి, 'ఎలైట్' సర్టిఫికెట్ ఇచ్చారు. అయితే ఆ కాగితం చూసి మా యజమాని నాకు ఏమీ ఇవ్వలేదు. నెలాఖరు లెక్క గంటలో తేలడం చూశాక మాత్రం రెండో స్టోరేజీ రికార్డులు కూడా అప్పగించి, జీతం పెంచారు. మానేస్తే ఫోను చేసి పిలిచేవారు ఇందులో ఎవరూ ఉండరు కాబట్టి పట్టుదల లేనివారికి దీన్ని సిఫారసు చేయను. ఉన్నవారికి ఇంత తక్కువ ఖర్చులో ఇంతకంటే మంచి చదువు నాకు కనిపించలేదు.

మొన్న ఒక పెద్దాయన వచ్చి, "గుమాస్తా గారూ, నావి ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని అడిగారు. వెనకటిలా సాయంత్రం రమ్మనలేదు. "మూడో గదిలో ముప్పై నాలుగు టిక్కీలు, బాబాయ్" అన్నాను, ఆయన కూర్చునే లోపే.