కాలిఫోర్నియా తీరంలో ట్రైలర్‌తో ఆరు రాత్రులు

జూన్‌లో పిల్లలకు బడి సెలవులు మొదలవగానే, అద్దెకు తీసుకున్న 22 అడుగుల ట్రైలర్‌ను, అంటే వంటకు, పడకకు చోటున్న చక్రాల ఇంటిని, మా కారుకు తగిలించుకుని, ఫ్రీమాంట్ నుంచి దక్షిణంగా కార్పింటేరియా వరకు ఆరు రాత్రుల ప్రయాణం చేశాము. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, బాపట్ల నుంచి వచ్చి మాతో ఉంటున్న అమ్మ, నాన్న కలిసి మొత్తం ఆరుగురం. ఈ తీరంలో ట్రైలర్ సముద్రానికి ఎంత దగ్గరగా నిలిస్తే కరెంటు, నీరు అంత దూరమవుతాయి. పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లేవారు బుకింగ్‌కు ముందే ఈ లెక్క చూసుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వ బీచ్ క్యాంపులలో స్థలాలు ఆరు నెలల ముందు, ఉదయం 8 గంటలకు రిజర్వ్‌కాలిఫోర్నియా సైటులో తెరుచుకుంటాయి. వేసవి వారాంతాలైతే నిమిషాలలోనే నిండిపోతాయి. డిసెంబరులో రెండు ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని ప్రయత్నిస్తే మాకు దొరికినవి సోమవారంతో మొదలయ్యే రోజులు మాత్రమే. చివరికి అదే మేలైంది, ఎందుకంటే వారం మధ్యలో క్యాంపులు ప్రశాంతంగా ఉన్నాయి.

బిగ్ సర్ కొండతీరం మీదుగా వెళ్లే ఒకటవ నంబరు రహదారి ఎంత అందమైనదైనా, ఇరుకు మలుపుల వల్లా, తరచుగా కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవడం వల్లా, తొలిసారి ట్రైలర్ లాగుతున్న నేను దాని జోలికి వెళ్లకుండా 101 రహదారిని ఎంచుకున్నాను. ట్రైలర్ లాగే వాహనాలకు ఈ రాష్ట్రంలో గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు కాబట్టి, భోజనానికి, పెట్రోలుకు ఆగిన సమయాలతో కలిపి తొలిరోజు ఏడు గంటలు పట్టింది. శాన్ లూయిస్ ఒబిస్పోకు ముందు వచ్చే క్వెస్టా గ్రేడ్ అనే కొండ దారిలో వాలు దాదాపు 7 శాతం ఉంటుంది. అక్కడ చిన్న గేరులో దిగకుండా బ్రేకులనే నమ్ముకుంటే అవి వేడెక్కిపోతాయి. ప్రయాణంలో ట్రైలర్ లోపల ఎవరూ కూర్చోకూడదని తెలిసి మా చిన్నవాడు అలిగాడు. పాసో రోబుల్స్ చేరేవరకు వాడు ఎవరితోనూ మాట్లాడలేదు.

మొదటి రెండు రాత్రులు పిస్మో స్టేట్ బీచ్‌కు చెందిన ఒషియానో క్యాంపులో ఉన్నాము. ఇదే బీచ్‌కు చెందిన నార్త్ బీచ్ క్యాంపు విశాలంగా ఉంటుంది, శీతాకాలంలో మోనార్క్ సీతాకోకచిలుకలు గుంపులుగా వాలే యూకలిప్టస్ తోపు దాని పక్కనే ఉంది. కానీ అక్కడ స్థలాలకు కరెంటు లేదు. ఒషియానోలో కొన్ని స్థలాలకు నీరు, కరెంటు రెండూ ఉన్నాయి, సముద్రం మాత్రం ఇసుక దిబ్బలకు అవతల ఉంటుంది. దగ్గరలోనే చిన్న విమానాశ్రయం ఉండడంతో పగలు అప్పుడప్పుడు చిన్న విమానాల చప్పుడు వినిపిస్తుంది, అది ఇబ్బంది కాదు. ట్రైలర్ లోపల మరుగుదొడ్డి పొయ్యికి రెండు మూరల దూరంలో ఉండడం అమ్మకు ససేమిరా నచ్చలేదు. కరెంటు కనెక్షన్ ఉంది కాబట్టి బయట బల్ల మీద ఇండక్షన్ స్టవ్ పెట్టి ఇచ్చాము, ఆ రెండు రోజుల వంట అంతా అక్కడే సాగింది.

పిస్మోకు ఆనుకుని ఉన్న ఒషియానో డ్యూన్స్‌లో వాహనాన్ని నేరుగా ఇసుక మీదికి నడిపించి అలల పక్కనే విడిది చేయవచ్చు. ఆ ఆలోచనతోనే ముందుగా కారు ఒక్కటే తీసుకుని చూడడానికి వెళ్లాము. అక్కడ మాలాంటి ట్రైలర్ ఒకటి ఇరుసుల దాకా కూరుకుపోయి ఉంది, దాన్ని లాగడానికి వచ్చిన బండి చుట్టూ జనం మూగారు. ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా, టైర్లలో గాలి తగ్గించడం తెలియకుండా అక్కడికి ట్రైలర్ తీసుకువెళ్లవద్దని నా సలహా. ఆ సాయంత్రం పొగమంచు కాస్త విడివడింది. జీవితమంతా సూర్యలంకలో సముద్రం నుంచి సూర్యుడు పైకి రావడమే చూసిన నాన్న, అదే సూర్యుడు నీళ్లలోకి దిగడాన్ని చలికి శాలువా కప్పుకుని చివరిదాకా చూశారు. నీళ్లలో కాలు పెట్టి మాత్రం వెంటనే వెనక్కి తీసేశారు. జూన్‌లోనూ ఇక్కడి నీరు బంగాళాఖాతపు నీటిలా వెచ్చగా ఉండదు.

మూడో రాత్రి హలామా బీచ్‌లో గడిపాము. అది శాంటా బార్బరా కౌంటీ పార్కు, లాంపోక్ పట్టణానికి దక్షిణాన ఒకటవ నంబరు రహదారి నుంచి 14 మైళ్లు మలుపులు తిరుగుతూ వెళ్లాలి. ఆ దారిలో వెనక్కి తిరిగే చోటు దాదాపు లేదు, ఫోనుకు సిగ్నలూ దొరకదు. మాకు దక్కిన స్థలం అలలకు ఎదురుగానే ఉంది కానీ కరెంటు లేదు. సాయంత్రం మొదలైన గాలి తెల్లవారేవరకు ట్రైలర్‌ను ఊపుతూనే ఉంది. చలికి హీటరు వేశాము, దాని ఫ్యాను రాత్రంతా తిరిగి బ్యాటరీని పీల్చేసింది. తెల్లవారి చూస్తే నీళ్ల పంపు పనిచేయలేదు. బ్యాటరీ కొత్తదని అద్దెకిచ్చిన యజమాని చెప్పారు గానీ, దాని మీద అతికించిన తేదీ ఐదేళ్ల కిందటిది. బయలుదేరే ముందు ఆ తేదీ చూడకపోవడం నా పొరపాటు కూడా. పార్కు దుకాణంలో దొరికే హలామా బర్గర్‌కు ఈ తీరంలో మంచి పేరుంది. మేము శాకాహారులం కాబట్టి దాని రుచి గురించి నేనేమీ చెప్పలేను, వేడి కాఫీ మాత్రం ఆ ఉదయం అమృతంలా అనిపించింది. చోటు అద్భుతమే, అయినా అమ్మానాన్నలతో మళ్లీ అక్కడ రాత్రి గడపను.

చివరి మూడు రాత్రులు కార్పింటేరియా స్టేట్ బీచ్‌లో. ఆరుగురికీ ఏకగ్రీవంగా నచ్చిన చోటు ఇదే. తీరం దక్షిణానికి ఎదురుగా ఉండడం, చానల్ ఐలాండ్స్ అడ్డుగా నిలవడం వల్ల అలలు మెత్తగా ఉంటాయి, పిల్లలు భయం లేకుండా ఆడుకున్నారు. లిండెన్ అవెన్యూలోని దుకాణాలకు నడిచి వెళ్లవచ్చు, పాలు, కూరగాయలు అలాగే తెచ్చుకున్నాము. లోపం ఒక్కటే, రైలు పట్టాలు క్యాంపు పక్కనే ఉన్నాయి. రాత్రి కూత వినిపించినప్పుడల్లా నాన్న టైము చూసేవారు, బాపట్లలో స్టేషనుకు దగ్గరగా పెరిగిన మనిషికి అది నిద్రాభంగంగా తోచినట్లు లేదు.

ఇక్కడ నేల నుంచి సహజంగా తారు ఊరి ఇసుకలో కలుస్తుంది. ఈ తీరపు ఆదివాసులైన చుమాష్ జాతివారు దానితోనే తమ చెక్క పడవల అతుకులు పూడ్చేవారు. 1769లో ఈ దారిన వచ్చిన స్పెయిన్ దళం ఆ పడవల పని చూసి, వడ్రంగి పని జరిగే చోటు అనే అర్థంలో ఈ ఊరికి పేరు పెట్టింది. ఆ తారు పిల్లల అరికాళ్లకు అంటుకుంటే సబ్బుకు వదలలేదు, అమ్మ తెచ్చుకున్న కొబ్బరి నూనెకు వదిలింది.

ఐదో రోజు ట్రైలర్‌ను క్యాంపులోనే వదిలి, కారులో మాలిబు హిందూ ఆలయానికి వెళ్లి వేంకటేశ్వరుని దర్శించుకున్నాము. 1981 నాటి ఆ ఆలయం కాలబసస్ కొండల మధ్య ఉంది. వారాంతం ఇంకా మొదలుకాకపోవడంతో దర్శనం నిదానంగా జరిగింది. విడిది ఒకచోట స్థిరంగా ఉంచుకుని కారుతో తిరగగలగడమే ఇల్లు, ఇంజను ఒకే బండిగా ఉండే మోటార్ హోమ్ కంటే ట్రైలర్‌లో నాకు కనిపించిన పెద్ద సౌకర్యం.

ఖాళీ చేసే రోజు మధ్యాహ్నం 12 గంటలలోపు బయటపడాలి కాబట్టి, మురుగునీటి ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ దగ్గర పదకొండింటికే బారులు తీరతాయి. ఉదయం ఎనిమిదింటికే ఆ పని ముగించుకోవడం మంచిది. ముందు మరుగుదొడ్డి ట్యాంకు, ఆ తరువాత వంటింటి నీళ్ల ట్యాంకు తెరిస్తే గొట్టం దానంతటదే కడుక్కుంటుంది. ఈ క్రమాన్ని నాకు నేర్పింది యజమాని ఇచ్చిన పుస్తకం కాదు, వరుసలో నా వెనక నిలబడిన ఒక పెద్దాయన. వచ్చే సెప్టెంబరుకు ఒషియానోలో రెండు రాత్రులు, కార్పింటేరియాలో నాలుగు రాత్రులు బుక్ చేశాము. ఈసారి అద్దెకిచ్చేవారు బ్యాటరీ తేదీని ఫొటో తీసి పంపిన తరువాతే బయానా ఇస్తాను.