డబ్బా మీది పేరా, పుట్టినప్పటి పేరా? గేమ్ కలెక్షన్ లిస్టుకి ఏది మేలు?

కలెక్షన్ యాభై వీడియో గేములు దాటనంతవరకు పేర్లు ఎలా రాసుకున్నా నడిచిపోతుంది, ఏది ఎక్కడుందో బుర్రలోనే ఉంటుంది. మూడొందలు దాటాక నాకు తెలిసొచ్చింది. పోయినేడాది ఒకాయన సూపర్ నింటెండో అనే పాత గేమ్ మెషీన్ క్యాసెట్లు అమ్ముతుంటే వాటిలో 'స్టార్‌వింగ్' కనిపించింది. అక్కడే నిలబడి ఫోన్లో నా లిస్టు తెరిచి వెతికాను, లేదు, వెంటనే కొనేశాను. ఇంటికొచ్చి అరలో సర్దబోతే అదే క్యాసెట్ ముందే ఉంది! 1993లో వచ్చిన స్టార్ ఫాక్స్‌నే యూరప్‌లో స్టార్‌వింగ్ అన్నారు. ఆ సంగతి తెలిసే, లిస్టులోకి ఎక్కించేటప్పుడు అసలు పేరు ఉండాలని స్టార్ ఫాక్స్ అని ఎక్కించుకున్నాను, కొనే హడావుడిలో మాత్రం అది తట్టలేదు. ఆ వారమే కూర్చుని పేర్లకి రూల్స్ పెట్టుకున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది, పేరంటే ఏ పేరు అని. డబ్బా మీద అచ్చయినది రాయొచ్చు, గేమ్ మొదట వచ్చినప్పుడు పెట్టిన పేరు రాయొచ్చు, లేదా మనం నోటితో పిలిచేది రాయొచ్చు. ఈ మూడోది ఇప్పుడే పక్కన పెట్టేయండి. ఒకరోజు 'వైస్ సిటీ' అని రాస్తాం, ఇంకోరోజు 'జీటీఏ శాన్ ఆండ్రియాస్' అని రాస్తాం, రెండూ జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) సిరీస్‌వే అయినా, ఆ అన్నదమ్ముల్లాంటి గేములు లిస్టులో చెరో మూలకి పోతాయి.

పుట్టినప్పటి పేరు రాయాలనే వాళ్ల మాటలో చాలా బలం ఉంది, నేనూ ఏళ్ల తరబడి ఆ పక్షమే. ఫైనల్ ఫాంటసీ సంగతే చూడండి. 1994లో జపాన్‌లో ఆరో భాగంగా వచ్చిన గేమ్‌ని అమెరికాలో ఫైనల్ ఫాంటసీ 3 అని అమ్మారు, ఎందుకంటే అక్కడికి అప్పటికి ఒకటి, నాలుగు భాగాలే వచ్చాయి, ఆ నాలుగుని రెండు అనేశారు. 1990 నాటి అసలైన మూడో భాగం 2006లో చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డీఎస్‌కి కొత్తగా తయారై ఇంగ్లీష్‌లోకి వచ్చింది. అంటే అమెరికా క్యాసెట్, డీఎస్ క్యాసెట్ రెండూ ఉన్నవాళ్ల లిస్టులో ఫైనల్ ఫాంటసీ 3 పేరుతో రెండు వరుసలుంటాయి, రెండూ వేరు వేరు గేములు. ఇక్కడ పుట్టినప్పటి పేరు రాస్తే చిక్కు ఒక్క దెబ్బకి విడిపోతుంది.

కానీ ఈ రూల్ మారియో దగ్గర బోర్లా పడుతుంది. సూపర్ మారియో బ్రదర్స్ 2 జపాన్‌లో 1986లో వచ్చింది. 1988లో అదే పేరుతో అమెరికాలో వచ్చింది పూర్తిగా వేరే గేమ్, డోకి డోకి పానిక్ అనే జపాన్ గేమ్‌లో బొమ్మలు మార్చి చేసినది. అది 1992లో జపాన్‌కి వెళ్లినప్పుడు సూపర్ మారియో యూఎస్ఏ అయింది, జపాన్ వాళ్ల రెండో భాగమేమో 1993లో అమెరికా వాళ్లకి లాస్ట్ లెవెల్స్‌గా చేరింది. పుట్టినప్పటి పేరే రాస్తానంటే రెండూ సూపర్ మారియో బ్రదర్స్ 2నే! పైగా ఈ పద్ధతిలో రెసిడెంట్ ఈవిల్‌ని బయోహజార్డ్ అనాలి, మెగామ్యాన్‌ని రాక్‌మ్యాన్ అనాలి, ఒక్కో వరుస ఎక్కించే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వాలి.

డబ్బా పేరైతే చూసి రాయడమే, మా అమ్మాయి కూడా ఎక్కించగలదు. అందుకే నా ఓటు డబ్బాకే. మిగతా పేర్లన్నీ 'ఇతర పేర్లు' అని పక్కనే ఇంకో కాలమ్‌లో వేయండి, వెతికేటప్పుడు రెండు కాలమ్‌లలోనూ వెతకండి. ఈ రెండో కాలమ్ లేకపోతే డబ్బా పేరు కూడా నాకు జరిగినట్టే మోసం చేస్తుంది. కాంట్రా అనే గేమ్ యూరప్ క్యాసెట్ మీద ప్రోబోటెక్టర్ అని ఉంటుంది, లోపల మనుషుల బదులు రోబోలుంటాయి, కాబట్టి దాన్ని కాంట్రా అని రాసేస్తే చేతిలో ఉన్నదేంటో కూడా తప్పు రాసినట్టే. డబ్బా మీద ఎక్కడ చూడాలంటే, ముందు అట్ట మీద కాదు, అక్కడ పేరు బొమ్మలో కలిసిపోయి అలంకారంగా ఉంటుంది. వెన్ను మీద, అంటే అరలో నిలబెడితే కనిపించే సన్నటి అంచు మీద, సాదా అక్షరాల్లో ఉన్నది చూసి రాయండి. డబ్బా లేని క్యాసెట్ అయితే లేబుల్.

ఇక 'ది' గొడవ. పెళ్లి చదివింపుల పుస్తకంలో ప్రతి పేరు ముందు 'శ్రీ' రాసి అక్షర క్రమంలో పెడితే ఊరంతా 'శ' కిందకే చేరుతుంది కదా. ది లెజెండ్ ఆఫ్ జెల్డా, ది సిమ్స్, ది లాస్ట్ ఆఫ్ అస్, ది విచర్ అన్నీ అలాగే ఒకచోట కుప్పపడతాయి. పాత గేముల ఫైళ్లని జాబితా చేసే నో-ఇంట్రో డేటాబేస్ వాళ్లు 'లెజెండ్ ఆఫ్ జెల్డా, ది' అని తోకకి తగిలిస్తారు. ఫైల్ పేర్లకి అది సరిపోతుంది, చదవడానికి మాత్రం నాకు నచ్చదు. పేరుని పేరులాగే ఉంచి, వరుసకోసం విడిగా ఒక సార్ట్ కాలమ్ పెట్టుకోవడం మేలు. రోమన్ అంకెల తలనొప్పికీ అదే మందు, అక్షరాల లెక్కన తొమ్మిదో భాగం 'IX' అయిదో భాగం 'V' కన్నా ముందొస్తుంది మరి. మెగామ్యాన్ 10 కూడా 2 కన్నా ముందు కూర్చుంటుంది, సార్ట్ కాలమ్‌లో 02, 10 అని రాస్తే దారికొస్తుంది.

ఉపశీర్షికకి కోలన్ పెట్టాలా, అడ్డగీత పెట్టాలా? విండోస్ ఫైల్ పేర్లలో కోలన్ ఒప్పుకోదు, కాబట్టి అడ్డగీత. బాగా అమ్ముడైన గేముల్ని మళ్లీ అమ్మేటప్పుడు డబ్బా మీద వేసే ప్లాటినం, గ్రేటెస్ట్ హిట్స్ లాంటివి పేరులో ఇరికించకండి, ఎడిషన్‌కి ఇంకో కాలమ్. ఒకే పేరుతో రెండు గేములుంటే ఏడాది తగిలించండి, నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ 2005, మోస్ట్ వాంటెడ్ 2012, గాడ్ ఆఫ్ వార్ 2005, 2018. అన్నిటికీ అక్కర్లేదు, ఢీకొన్నవాటికి చాలు. తెలుగు అక్షరాల్లో ఎక్కించాలని నాకూ మనసు లాగింది, కానీ జెల్డానా, జేల్డానా అని ఒక్కోసారి ఒక్కోలా రాస్తాం, వెతికితే దొరకదు. ఇంగ్లీష్ అక్షరాల్లో ఉన్నదున్నట్టు ఉంచి, తెలుగు నోట్స్‌లో రాసుకుంటున్నాను.

డబ్బా పేరు రూల్ సరిపోని ఒక్క వస్తువు నా దగ్గరుంది, చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన పసుప్పచ్చ క్యాసెట్. లేబుల్ మీద '9999 ఇన్ 1' అని ఉంటుంది, మెనూలో ఎంత కిందకెళ్లినా తిరిగి తిరిగి అవే గేములు, పేర్లు మాత్రం కొత్తవి. దాన్ని లేబుల్ ప్రకారమే ఒకే వరుసగా ఎక్కించాను, ఆ మెనూ పేర్లేవీ నమ్మలేదు. ఒక ఆదివారం మా అమ్మాయి, నేను టీవీ ముందు కూర్చుని ఒక్కోటి తెరిచి చూశాం, తను జాయ్‌స్టిక్ పట్టుకుంది, నేను అది ఏ గేమో గుర్తుపట్టి అసలు పేరు నోట్స్‌లో టైప్ చేశాను. కాంట్రా దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం.